ఎవరి రక్తం ఎవరికి

పోయిన వారం డాక్టర్ నరసమ్మను శెట్ల ఆసుపత్రి క్యాజువాలిటీ గుమ్మంలో, చేతిలో ఒక చిన్న రిపోర్టు చీటీతో నిలబెట్టి వదిలాం. బంగారు గనుల ఊరైన రాబర్ట్‌సన్‌పేటలో బజారు వర్తకులు చందాలు వేసుకుని కట్టించిన ఆ ధర్మాసుపత్రిలో ఆమె చేరి ఇంకా ఏడాది కాలేదు. చాంపియన్ రీఫ్ గని కూలీల ఇళ్ల లైన్లలో గని కార్మికుడి కూతురుగా పుట్టి, డాక్టరు చదువు చదివి, మళ్లీ సొంత ఊరికే వచ్చిన పిల్ల. కొన్ని వారాలుగా ల్యాబు నుంచి వచ్చే రిపోర్టులు ఆమెను భయపెడుతున్నాయి. మంచం అదిరిపోయేలా చలిజ్వరంతో వణికిన మనిషి రక్తంలో మలేరియా లేదని రాసి వచ్చింది. ఆ మనిషి బతికింది నరసమ్మ రిపోర్టును పక్కన పడేసి మందు ఇచ్చినందుకే. సెక్రెటరీ వెంకటేశయ్యకు చెప్పుకుంటే, "ల్యాబు గోవిందప్ప ఈ ఆసుపత్రి పునాది వేసిన నాటి మనిషమ్మా, నిన్న వచ్చిన నువ్వు ఆయప్పకు తప్పులు పడతావా?" అని పంపేశాడు. ఇక వేరే దారి లేక, ఆ రోజు పొద్దున తన చేతి నుంచే రక్తం తీయించుకుని, కామాక్షమ్మ అని లేని రోగి పేరు రాసి ల్యాబుకు పంపింది. తనది బి గ్రూపని కాలేజీ రోజుల నుంచే ఆమెకు తెలుసు. వచ్చిన చీటీలో ఓ అని ఉంది.

ఆ అక్షరాన్ని ఆమె ఇంకా చూస్తూనే ఉంది. అంతలో మామిడికాయల టెంపో ఒకటి గేటు దాటి నేరుగా క్యాజువాలిటీ మెట్ల దాకా వచ్చి ఆగింది.

ముందు సీటు నుంచి దూకిన మనిషి చొక్కా నిండా రక్తం. ఆ రక్తం అతనిది కాదని నరసమ్మకు ఒక్క చూపులో తెలిసింది. వెనక మామిడి క్రేట్ల మధ్య గోనెపట్టాల మీద ఒక ఆడమనిషి ముడుచుకుని పడి ఉంది. పట్టాలు తడిసి నల్లబడ్డాయి.

"అమ్మా, డాక్టరమ్మా, బేగ రాండమ్మా! నా పెండ్లాము, చిన్నవెంకటమ్మ. మాది గౌనిపల్లి. మార్కెట్టుకు కాయలు ఏసుకోని వస్తా ఉంటిమి. దోవలో కడుపు నొప్పి అనింది. సరే పండుకో అంటి. ఇంగ చూస్తే రక్తము, ఆగేదే లే!" అన్నాడు ఆ మనిషి, హనుమప్ప. మాట్లాడుతూనే పెళ్లాన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని లోపలికి పరుగెత్తాడు.

మూడో నెల గర్భం. పొద్దున క్రేట్లు ఎత్తిందట. నరసమ్మా, సిస్టరు చిక్కమ్మా కలిసి చేయవలసినదంతా చేశారు. కారే రక్తం ఆగింది. కానీ ఒంట్లో ఉండవలసింది అప్పటికే గోనెపట్టాల్లో ఇంకిపోయింది. కింది రెప్ప తిప్పి చూస్తే సున్నం కొట్టిన గోడలాగా తెల్లగా ఉంది. నాడి వేళ్ల కింద దొరుకుతున్నట్టే దొరికి జారిపోతోంది. రెండు చేతులకూ సెలైన్ పెట్టారు. నీళ్లు ఎంతసేపు పోసినా అవి రక్తం పని చేయవు.

చిక్కమ్మ అలవాటు ప్రకారం ఒక గొట్టంలో చిన్నవెంకటమ్మ రక్తం తీసి, పేరు రాసి, ల్యాబుకు పంపడానికి చేయి చాపింది.

"వద్దక్కా," అంది నరసమ్మ. "నా చేతికి ఇయ్యి. నేనే పోతాను."

"మైన్స్ ఆసుపత్రికి పంపిస్తే కాదా?"

"స్ట్రెచర్ ఎత్తితేనే నాడి పోతా ఉండాది. బండిలో ఏస్తే దోవలోనే పోతుంది. రక్తం మాత్రం పంపించి వాళ్ల జవాబు కోసం కూర్చునేంత టైము ఈయమ్మకు లేదు."

చిక్కమ్మ గొట్టం ఆమె చేతిలో పెట్టింది.

వరండా చివర ఆకుపచ్చ తెర వెనక ఉంటుంది ల్యాబు. గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీద నుంచి వీచే ఎండాకాలపు గాలికి బూడిదరంగు దుమ్ము వచ్చి కిటికీ గట్టు మీద పేరుకుంది. గోవిందప్ప ఎప్పటిలాగే ఇస్త్రీ చేసిన తెల్లకోటులో, నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టుతో, స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. నరసమ్మ చిన్నప్పుడు లైన్లలో విషజ్వరాలు వచ్చినప్పుడు ఇంటింటికీ తిరిగి పిల్లల వేళ్లు పొడిచి రక్తం తీసుకున్నది ఈయనే. ఏడ్చిన పిల్లలందరికీ పిప్పరమెంటు ఇచ్చేవాడు. ఆమె అప్పటి నుంచీ ఆయన్ను మామా అనే పిలుస్తుంది.

"ఎవరు, నరసమ్మా?" అన్నాడు తల తిప్పకుండానే. "నీ చెప్పుల సద్దు వింటేనే తెలిసిపోతుందమ్మా నాకు."

"మామా, ఒక ఆడమనిషికి రక్తమంతా పోయి పడి ఉండాది. గ్రూపు చూడాల. బేగ చూడాల."

"ఆడ పెట్టి పో. ఇప్పుడే పంపిస్తాను."

"నేను ఈడే ఉంటాను. నా ముందర చూడు."

గోవిందప్ప చేతులు ఒక్క క్షణం ఒళ్లోనే ఆగిపోయాయి. "ఎందుకమ్మా, నమ్మకం లేదా?" అని నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆయన లేచి ఫ్రిజ్ తెరిచి, తడుముకోకుండా గ్రూపు తేల్చే రెండు చిన్న సీరం సీసాలు తీసి, ఎడమ పక్కన ఒకటి, కుడి పక్కన ఒకటి బల్ల మీద పెట్టాడు. తెల్ల పింగాణీ పలక కడగడానికి వెనక్కి తిరిగి కుళాయి విప్పాడు.

అప్పుడు నరసమ్మ ఒక పని చేసింది. చేయాలని అనుకుని వచ్చింది కాదు. ఆయన వీపు కనబడగానే చేయి దానంతట అదే ముందుకు పోయింది. ఎడమ సీసాను కుడికి, కుడి సీసాను ఎడమకు మార్చింది. ఆయన తిరిగి చూస్తాడు, 'ఇదేమి చిన్నపిల్లల ఆటలమ్మా' అని కసురుకుంటాడు. కసురుకుంటే చాలు, కాళ్ల మీద పడి క్షమించమని అడుగుతాను అనుకుంది. స్వామీ, ఈయన నన్ను తిట్టేలా చెయ్యి అని లోపల్లోపల మొక్కుకుంది.

'ఏ' సీరం నీలంగా ఉంటుంది, బి సీరం పసుపుగా ఉంటుంది. పేరు చదివే తీరిక లేనివాళ్లు కూడా పొరబడకూడదనే వాటికి ఆ రంగులు కలుపుతారు. నీలిమందు నీళ్లకూ పసుపు నీళ్లకూ ఎంత తేడా ఉంటుందో అంత తేడా.

గోవిందప్ప పలక తుడిచి తెచ్చి బల్ల మీద పరిచాడు. ఎడమ సీసా అందుకున్నాడు.

పసుపు చుక్క పలక మీద పడింది.

"ఇది 'ఏ'," అన్నాడు.

కుడి సీసా అందుకున్నాడు. నీలం చుక్క పడింది.

"ఇది బి. ఇంగ రక్తం ఇయ్యమ్మా."

నరసమ్మ గొట్టం ఇవ్వలేదు. "మామా, 'ఏ' సీరం ఏ రంగు?"

"నీలం. ఏమి, నాకు పరీక్ష పెడతా ఉండావా?"

"పలక మీద నువ్వు 'ఏ' అన్న చుక్క ఏ రంగు ఉండాది?"

పైన ఫ్యాను తిరుగుతోంది. కుళాయి సరిగా కట్టలేదేమో, నీళ్ల బొట్లు తొట్టిలో పడుతున్నాయి. గోవిందప్ప మెల్లగా వంగాడు. ముక్కు పలకకు తగిలేంత దగ్గరికి వంగాడు. తల అటూ ఇటూ కదిపి వెలుతురు వైపు తిప్పుకున్నాడు.

"నీలమే కదమ్మా?" అన్నాడు. చెప్పినట్టు లేదు, బతిమాలినట్టు ఉంది.

ఆమె కోటు జేబులోంచి పొద్దుటి చీటీ తీసి ఆయన చేతిలో పెట్టింది. "పొద్దున కామాక్షమ్మ అని ఒక రక్తం వచ్చింది చూడు, ఓ అని రాసి పంపినావు. ఆ కామాక్షమ్మ నేనే. నాది బి."

గోవిందప్ప చీటీ చూడలేదు. చూసి ప్రయోజనం లేదని ఇద్దరికీ తెలిసిపోయింది. వెనక్కి తడిమి స్టూలు దొరికించుకుని కూర్చున్నాడు.

"ఎడమ కన్ను పోయినేడే పోయిందమ్మా. కండ్ల క్యాంపులో కోసినారు, చీము పట్టింది. కుడి కంటికి కూడా పొర వచ్చేసింది. మొదట మంచు మాదిరి ఉండె. ఇప్పుడు పాలల్లో ముంచి చూసినట్ల ఉండాది."

"మరి రిపోర్టులు? మామా, ఇన్ని దినాలు ఎట్ల రాసినావు?"

"రక్తం గట్టిగా ముద్ద కట్టినేది ఉంటే ఇప్పటికీ తెలుస్తాది. తెలియకుంటే..." ఆయన గొంతు తగ్గిపోయింది. "ఏమీ కనిపించకుంటే ఓ అని రాస్తా ఉంటి."

నరసమ్మ బల్ల అంచు పట్టుకుంది. 'ఏ' సీరంలోనూ 'బి' సీరంలోనూ ముద్ద కట్టకపోతే అది ఓ గ్రూపు. ఆయన చూడలేని ప్రతి రక్తమూ ఓ అయిపోయింది. ఓ రక్తమంటే అత్యవసరంలో ఎవరికి పడితే వాళ్లకు ఎక్కిస్తారు.

"ఓ అని రాస్తే అందరికీ పెడతారు మామా!" ఆమె అరిచింది. అరిచాక వరండా వైపు భయంగా చూసి గొంతు తగ్గించింది. "'ఏ' రక్తం 'బి' మనిషికి పోతే ఏమయితాదో నాకంటే నీకే ఎక్కువ తెలుసు కదా!"

"వెంకటేశయ్యకు చెప్పినాను. చెప్పకుండా లే," అన్నాడు గోవిందప్ప. తలెత్తి ఆమె మొహం ఉండవలసిన చోటికి చూశాడు, కొంచెం పక్కకు చూశాడు. "ఉగాదికి ముందరే పోయి చెప్పినాను. అయ్యా, నాకు కండ్లు ఆనట్లేదు, వేరే మనిషిని పెట్టుకో అని. 'మనిషి దొరికేదాకా ఎట్లో ఒకట్ల నడిపించు గోవిందప్పా, ల్యాబు మూస్తే ఆసుపత్రే మూయాల, బయట మాత్రం అనొద్దు' అన్నాడు. నేను సరే అంటి. అనకూడదమ్మా. అన్నాను."

సెక్రెటరీకి తెలుసు. తను భయపడుతూ ఆయన గదికి వెళ్లి చెప్పిన రోజున, ఆయన కుర్చీలో వెనక్కి వాలి 'నిన్న వచ్చిన నువ్వు' అన్న రోజున, ఆయనకు తెలుసు. తెలిసి కూడా ఊరుకున్న మనిషి రేపు తనను ఏమి చేస్తాడో ఆమె ఊహకు అందలేదు. కానీ రేపటి సంగతి రేపు. అక్కడ బల్ల మీద చిన్నవెంకటమ్మ ఉంది.

"లే మామా," అంది. "నేను చూస్తాను. నువ్వు నా పక్కన నిలబడు."

ధైర్యంగా అనేసింది గానీ, ఆ పని ఆమె కాలేజీలో పరీక్ష కోసం చేసిందే. అప్పుడు తప్పితే మార్కులు పోయేవి. ఇప్పుడు ఆమె కన్ను పొరబడితే, గోవిందప్ప కన్ను చేయబోయిన హత్యే ఆమె చేతి మీదుగా జరుగుతుంది. పలక కడిగింది. సీరం మంచిదో కాదో ముందు తెలియాలి. తన వేలు పొడుచుకుని ఒక చుక్క పసుపు సీరంలో కలిపి, పలకను మెల్లగా ఊపింది. విరిగిన పాలలాగా రక్తం ఎర్రటి రవ్వలుగా విడిపోయింది. నీలంలో కలిపింది, నున్నగానే ఉండిపోయింది. బి. సిస్టరు చిక్కమ్మది 'ఏ' గ్రూపు, బెంగుళూరులో ఎన్నోసార్లు రక్తమిచ్చిన మనిషి. రోగి దగ్గర ఆయాను ఉంచి ఆమెను పిలిపించి, ఆమె చుక్క తీసింది. నీలంలో ముద్ద కట్టింది. సీరాలకు దోషం లేదు. దోషమంతా చూసే కంట్లోనే.

అప్పుడు చిన్నవెంకటమ్మ రక్తం తీసుకుంది. పసుపులో ముద్ద కట్టింది, నీలంలో కట్టలేదు. కట్టలేదనే అనిపించింది. అనిపించడమంటే ఎంత భయంకరమైన మాటో ఆమెకు అప్పుడే తెలిసింది. మళ్లీ పలక కడిగి మళ్లీ చేసింది. చిక్కమ్మ చేత కూడా చూపించింది. బి. పాజిటివ్ అని కూడా తేలింది.

"ఫ్రిజ్‌లో ఒక సీసా ఉండాదమ్మా," అన్నాడు గోవిందప్ప. "నిన్న దాత ఇచ్చిపోయింది. ఓ..."

సీసా మీద ఆయన గుండ్రటి చేతిరాతతో ఓ అని ఉంది. సీసా మెడకు కట్టిన చిన్న గొట్టంలోంచి నరసమ్మ ఒక చుక్క తీసి పలక మీద పెట్టి ఊపింది.

సరిగ్గా అప్పుడే నేల కింద ఏదో బరువైనది కూలినట్టయింది. కిటికీ అద్దాలు మోగాయి. గొట్టాలన్నీ స్టాండులో గలగలమన్నాయి. పలక మీది చుక్క వణికింది.

"ఎయిర్ బ్లాస్ట్," అన్నాడు గోవిందప్ప బల్లను పట్టుకుని. "చాంపియన్ సైడు."

గనిలో బండ పగిలినప్పుడల్లా ఊరంతా ఇట్లాగే ఒక్క ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. కింద ఎవరున్నారో, ఏ షిఫ్టో అనుకుంటుంది. ముగ్గురూ అనుకున్నారు. అద్దాలు ఆగాయి. నరసమ్మ మళ్లీ పలక వైపు చూసింది.

నీలం సీరంలో రక్తం ముద్ద కట్టి ఉంది.

సీసా మీద 'ఓ'. లోపల 'ఏ'. ఆమె ఈ గదికి రాకుండా గొట్టం పంపి ఊరుకుని ఉంటే, ఈ సీసా ఇప్పటికి చిన్నవెంకటమ్మ చేతికి వేలాడుతూ ఉండేది. చిక్కమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నరసమ్మ సీసా మీద పెద్ద ఇంటూ గుర్తు వేసి ఒక పక్కకు నెట్టింది.

హనుమప్పను పిలిచారు. "నాది తీసుకోండమ్మా, ఎంతయినా తీసుకోండి," అని చొక్కా చేయి పైకి మడిచి గుమ్మంలోనే నిలబడ్డాడు. అదృష్టవశాత్తూ అతనిదీ బి పాజిటివే. అతని రక్తం తీశారు. గ్రూపు ఒక్కటైనంత మాత్రాన సరిపోదు. ఇద్దరి రక్తమూ గొట్టంలో కలిపి చూసి, మైక్రోస్కోపులోనూ చూడాలి. గొట్టాలను తిప్పే మిషను చప్పుడు విని గోవిందప్ప, "ఇంగొంచెం తిరగనీ. ఇప్పుడు ఆపు. తీసి మెల్లగా కదిలించు, తట్టొద్దు," అంటూ పక్కనే నిలబడ్డాడు. నరసమ్మ కంటిని లెన్సుకు ఆనించింది. కణాలు విడివిడిగా, జల్లెడ పట్టిన రాగుల్లాగా పరుచుకుని ఉన్నాయి. ఒకదానికొకటి అంటుకోలేదు. ఆమె కన్ను తీసి, తుడుచుకుని, మళ్లీ చూసింది.

"పెట్టక్కా," అంది.

భర్త రక్తం చుక్కచుక్కగా భార్య చేతిలోకి దిగడం మొదలైంది. నరసమ్మ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని నాడి వదల్లేదు. మొదటి చుక్కల్లోనే ప్రమాదం తెలుస్తుంది. వీపు నొప్పి అంటే ప్రమాదం, ఆయాసం అంటే ప్రమాదం, చలి అంటే ప్రమాదం.

చిన్నవెంకటమ్మ పెదవులు కదిలాయి.

"ఏమ్మా?"

"చలి," అంది ఆ మనిషి. "చలిగా ఉండాది."

నరసమ్మ చేయి మెరుపులాగా పోయి గొట్టం నొక్కి పట్టింది. తప్పు చేశాను. ఎక్కడో తప్పు చూశాను. కళ్లున్నా చూడలేకపోయాను. నుదురు పట్టి చూసింది, జ్వరం లేదు. "నడుము నొప్పి ఉండాదా? ఊపిరి ఆడతా ఉండాదా?" అని చెవి దగ్గర అడిగింది. చిన్నవెంకటమ్మ నొప్పి లేదన్నట్టు, ఊపిరి ఆడుతోందన్నట్టు తల ఊపింది. హనుమప్ప గోడకు ఆనుకుని గట్టిగా "గంగమ్మా, గంగమ్మా" అంటున్నాడు.

చిక్కమ్మ దుప్పటి ఎత్తి చూసి, "డాక్టరమ్మా, కోకంతా తడిసి ఉండాది," అంది. "పైన ఫ్యాను తిరగతా ఉండాది."

తడి కోక తీసి పొడి దుప్పట్లు కప్పారు. ఫ్యాను ఆపారు. నరసమ్మ గొట్టాన్ని వేళ్ల మధ్య పట్టుకునే చూసింది, చూసింది. చలి తగ్గింది. వణుకు రాలేదు. నాడి పరుగు తీయలేదు. ఆమె వేళ్లు విడిచింది. ఒక చుక్క. ఇంకొక చుక్క. కొంతసేపటికి నాడి వేళ్ల కింద నిలబడింది. ఇంకొంతసేపటికి సున్నంలాంటి పెదవుల మీదికి రంగు తిరిగి వచ్చింది.

చిన్నవెంకటమ్మ కళ్లు విప్పి మొగుణ్ని వెతికింది. "కాయలు దించినారా?" అని అడిగింది.

హనుమప్ప నవ్వలేక, ఏడవలేక, రెండూ చేశాడు. "దించుతారే, దించుతారు. నువ్వు సుమ్మనే పండుకో."

నరసమ్మ లేచి గోడకు ఆనుకుంది. సాయంత్రం పెద్ద డాక్టరు దగ్గరికి పోవాలి, వెంకటేశయ్యను ఎదురుగా కూర్చోబెట్టి అడగాలి, ఓ అని రాసిన రిపోర్టులన్నీ ఎవరెవరికి వెళ్లాయో వెతకాలి. ముందు ఒక లోటా నీళ్లు తాగాలి అనుకుంది.

తలుపు దగ్గర ఎవరో గోడ తడుముకుంటూ వస్తున్న చప్పుడు. గోవిందప్ప. ఇన్నేళ్లలో ఆయన అట్లా తడుముకుంటూ నడవడం ఎవరూ చూడలేదు. ఇంక దాచి ఏమి లాభమని దాచడం మానేశాడు. మొహం పాలిపోయి ఉంది.

"నరసమ్మా. యాడ ఉండావమ్మా?"

"ఈడ మామా. బతికింది. నాడి నిలబడింది."

"ఆ సీసా... నువ్వు ఇంటూ ఏసినావే, ఆ సీసా... నిన్న దాతలు ఇద్దరు వచ్చిండ్రి. రెండు సీసాలు ఉండె ఫ్రిజ్‌లో. రెండూ నేనే చూసినాను. రెంటి మీదా ఓ అనే రాసినాను. ఇప్పుడు పోయి ఫ్రిజ్ తడిమితే రెండోది లే. అప్పుడు గుర్తొచ్చింది."

"ఇంకొకటి ఏమయింది?"

"పొద్దున థియేటర్ నుంచి అడిగినారు. ఇచ్చినాను."

"ఎవరికి మామా?"

"బజారులో బియ్యం అంగడి అలివేలమ్మకు. గర్భసంచి ఆపరేషను. ఆమె గ్రూపు కూడా..." గోవిందప్ప గోడను వదిలి రెండు చేతులూ ఆమె వైపు చాపాడు. "ఆమెది కూడా నేనే చూసినానమ్మా. రెండూ కలిపి కూడా చూసినాను. ముద్ద కట్టలేదనే అనిపించింది."

నరసమ్మ అప్పటికే వరండాలో ఉంది. పరుగెడుతూనే లెక్క వేసుకుంటోంది. ఆ సీసా నిజంగానే ఓ అయి ఉండవచ్చు. అలివేలమ్మ నిజంగానే ఓ అయి ఉండవచ్చు. కావచ్చు, కావచ్చు. కాకపోతే? చిన్నవెంకటమ్మ చలి అని చెప్పగలిగింది. అలివేలమ్మ మత్తులో ఉంది. చలి వేసినా, నడుము విరిగిపోయేంత నొప్పి పుట్టినా, ఆ మనిషి నోరు తెరిచి చెప్పలేదు.

థియేటర్ తలుపు ముందు చెప్పులు విడిచే చోట ఆమె ఆగలేదు. రక్తపు మరకల కోటుతోనే తోసుకుని లోపలికి పోయింది.

దీపం కింద ఆకుపచ్చ గుడ్డలు, వాటి మధ్య వంగిన తలలు. తలాపున స్టాండుకు తలకిందులుగా వేలాడుతున్న సీసా. సగానికి పైగా ఖాళీ అయింది. మిగిలినది వేగంగా, దాదాపు ధారగా దిగుతోంది.

"ఎవరది? బయటికి వెళ్లండి!" అన్నాడు సర్జను. బెంగుళూరు నుంచి వారానికొకసారి వచ్చే మనిషి, నరసమ్మను ఆయన సరిగా ఎరగడు.

ఆమె నేరుగా పోయి గొట్టం మూసేసింది.

"ఏమి చేస్తున్నారు డాక్టర్? ఎవరు ఆపమన్నారు?"

"ఆ సీసా మీద రాసిన గ్రూపును నమ్మేదానికి లేదు సార్."

"ల్యాబు మ్యాచ్ చేసి పంపించింది."

"ల్యాబుకు కండ్లు లేవు సార్," అంది నరసమ్మ. ఆ మాటకు గదిలో ఎవరికీ అర్థం తెలియలేదు, కానీ ఆమె గొంతులో ఉన్నదేమిటో అందరికీ తెలిసింది.

మత్తు డాక్టరు బీపీ మిషను మీద నుంచి తల ఎత్తాడు. "బీపీ పడిపోతా ఉండాదనే నేను రక్తం వేగంగా పెట్టినాను," అన్నాడు నెమ్మదిగా. "పెట్టే కొద్దీ ఇంకా పడిపోతా ఉండాది."

సర్జను చేతులు గాలిలో ఆగాయి. ఆయన కడుపులోకి చూశాడు. అద్దిన గుడ్డలు అద్దినట్టే ఎర్రబడుతున్నాయి. "ఇందాకటి నుంచి కుట్టిన ప్రతిచోటా రక్తం ఊరుతోంది," అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు. "ఎందుకో అర్థం కాలేదు."

నరసమ్మకు అర్థమైంది. కానీ రుజువు కావాలి. ఆమె బల్ల కింద చీకట్లోకి వేలు చూపించింది. అలివేలమ్మ మూత్రం గొట్టం ఆ చీకట్లోకి దిగి ఒక గాజు సీసాలో ముగుస్తుంది. ఎక్కించిన రక్తం ఒంటికి పడకపోతే, లోపల విరిగి నాశనమైన రక్తం మూత్రంలో ఎర్రగా బయటపడేది అక్కడే.

"సిస్టర్, ఆ సీసా తీసి వెలుతురులో పెట్టండి."

సిస్టరు వంగింది. సీసా పట్టుకుని సగం బయటికి లాగింది. దాని మీద దీపం వెలుగు పడింది.

ఆమె చేయి అక్కడే ఆగిపోయింది. తలెత్తి, సర్జను వైపు కాదు, నరసమ్మ వైపు చూసింది.